గ్లోవ్ బాక్స్ దాటాక శాంపిల్‌కి గాలి సోకకుండా

గ్లోవ్ బాక్స్ (ఆర్గాన్ నింపి, గోడకి బిగించిన గ్లోవ్‌లలో చేతులు పెట్టి పని చేసే మూసిన పెట్టె) మీటర్లు ఆక్సిజన్, తేమ రెండూ 0.1 పీపీఎం (పది లక్షల్లో వంతులు) అని చూపిస్తుంటే శాంపిల్ భద్రంగా ఉందనుకుంటాం. తీరా ఎక్స్‌పీఎస్‌లోనో (ఎక్స్‌రేలతో ఉపరితలాన్ని పరీక్షించే పద్ధతి) ఎక్స్‌ఆర్‌డీలోనో (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పద్ధతి) గాలి సోకిన గుర్తుగా కార్బనేట్ పీకు కనబడగానే అనుమానం తయారీ మీదికి పోతుంది. చాలాసార్లు లోపం అక్కడ ఉండదు. బాక్స్ తలుపుకీ యంత్రం తలుపుకీ మధ్య ఉంటుంది.

ఎచ్చెర్ల, టెక్కలి, రాజాం, చింతలవలస వైపు మెటీరియల్స్ మీద పని చేసే విద్యార్థులకి ఈ రెండు తలుపుల మధ్య దారి మరీ పొడవు. శాంపిల్ ఇక్కడ తయారవుతుంది. కొలిచే పెద్ద యంత్రం తరచూ విశాఖలోనో, హైదరాబాద్‌లోనో, చెన్నైలోనో ఉంటుంది. పైగా మనది సముద్రపు గాలి. 30 డిగ్రీల వేడి, 80 శాతం తేమ ఉన్న మామూలు వానాకాలం రోజున గాలిలో నీటి ఆవిరి దాదాపు 33,500 పీపీఎం. బ్యాటరీ కర్మాగారాల్లో డ్రై రూమ్ అంటే మైనస్ 40 డిగ్రీల డ్యూ పాయింట్ (గాలిలోని తేమ మంచుగా దిగే ఉష్ణోగ్రత), అంటే సుమారు 127 పీపీఎం. ఆ లెక్కన మన వరండాలో గాలి డ్రై రూమ్ గాలి కన్నా 260 రెట్లు తడి. చలిదేశాల్లో, ఎడారి ఊళ్లలో రాసిన పద్ధతులు ఇక్కడ పూర్తిగా పనికిరాకపోవడానికి ఇదే కారణం.

డబ్బాల గురించి మాట్లాడే ముందు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. దీన్ని దాటేసి ఖరీదైన సామాను కొనేవాళ్లు చాలామంది.

100 మిల్లీలీటర్ల డబ్బాని గ్లోవ్ బాక్స్‌లో మూశాం, లోపల ఆర్గాన్‌లో ఆక్సిజన్ 1 పీపీఎం ఉందనుకోండి. ఆ డబ్బా మొత్తంలో ఉన్న ఆక్సిజన్ అణువులు సుమారు 2.5 × 10¹⁵. ఒక చదరపు సెంటీమీటరు ఉపరితలం మీద ఒక్క పొర కప్పడానికి కావలసినవి సుమారు 10¹⁵. అంటే ఒక చదరపు సెంటీమీటరు లిథియం రేకు ఆ ఆక్సిజన్ అంతా మింగేసినా దాని మీద పడేది రెండు మూడు పొరలే. అక్కడితో సరుకు అయిపోతుంది. అదే డబ్బాలో గ్రాముకి 10 చదరపు మీటర్ల ఉపరితలం ఉన్న పొడి ఒక గ్రాము వేస్తే, ఆ కాస్త ఆక్సిజన్ ఒక పొరలో నలభై వేలో వంతుకి కూడా చాలదు. పొడి తనని తానే కాపాడుకుంటుంది.

ఇప్పుడు రెండో వైపు చూడండి. మన వానాకాలపు గాలి ఒక్క మిల్లీలీటరులో నీటి అణువులు సుమారు 8 × 10¹⁷, ఆక్సిజన్ అణువులు సుమారు 5 × 10¹⁸. పైన చెప్పిన డబ్బా మొత్తంలో ఉన్నదానికి నీరు మూడు వందల రెట్లు, ఆక్సిజన్ రెండు వేల రెట్లు. కాబట్టి బాక్స్‌లో ఆక్సిజన్ 0.1 ఉందా 1 ఉందా అని తపన పడడం కన్నా, దారిలో ఒక్క మిల్లీలీటరు గాలి లోపలికి పోకుండా చూడడం ఎన్నో రెట్లు ముఖ్యం. డబ్బా ఎంత చిన్నదైతే అంత మేలు. అందులో శాంపిల్ ఎంత నిండుగా ఉంటే అంత మేలు.

ఇది మూసిన డబ్బాకే వర్తిస్తుంది. గ్లోవ్ బాక్స్ లోపల మూత తీసి వదిలేసిన శాంపిల్ సంగతి వేరు. అక్కడ వాయువు తిరుగుతూనే ఉంటుంది, గ్లోవ్‌ల గుండా కొత్త తేమ చేరుతూనే ఉంటుంది, మలినం ఎప్పటికీ అయిపోదు. అందుకే కోసిన లిథియం రేకుని బాక్స్‌లోనైనా వెంటనే చిన్న వయల్‌లో (మూత ఉన్న బుల్లి సీసా) పెట్టి మూయాలి.

డబ్బా ఎంపిక, కొలిచే యంత్రం ఎంత లోతుకి చూస్తుందన్న దాన్ని బట్టి ఉంటుంది. మామూలు ఎక్స్‌ఆర్‌డీ మైక్రాన్ల లోతు నుంచి సమాచారం తెస్తుంది, పై నుంచి రెండు నానోమీటర్లు పాడైనా దానికి తెలియదు. ఎక్స్‌పీఎస్ చూసేదే పైనున్న 10 నానోమీటర్ల లోపు. ఆ రెండు నానోమీటర్లే దాని లోకం. ఎక్స్‌ఆర్‌డీకి బాగా మూసిన వయల్ చాలు. పొడి రూపంలో ఉన్న సల్ఫైడ్‌ని ఎక్స్‌పీఎస్‌కి తీసుకెళ్లడానికి ఆర్గాన్ నింపిన మంచి డబ్బా సరిపోతుంది. శుభ్రం చేసిన లోహపు ఉపరితలాన్ని ఎక్స్‌పీఎస్‌కి తీసుకెళ్లాలంటే మాత్రం వాక్యూమ్ సూట్‌కేస్ (లోపల వాక్యూమ్ నిలిపి మోసుకెళ్లే డబ్బా) తప్ప దారి లేదు. అన్నిటికీ ఒకే పద్ధతి వాడితే కొన్నిచోట్ల డబ్బు వృథా, మిగతాచోట్ల శాంపిల్ వృథా.

సామాను ఎండబెట్టడంతో మొదలుపెడదాం. గాజు వయల్స్‌ని 120 డిగ్రీల ఓవెన్‌లో రాత్రంతా ఉంచి, వేడిగా ఉండగానే ఆంటీచాంబర్‌లో (బాక్స్‌లోకి సామాను పంపే మధ్య అర) పెట్టాలి. చల్లారేదాకా బల్ల మీద ఉంచితే గాజు మళ్లీ తేమ పట్టేస్తుంది. ప్లాస్టిక్ మూతలు, టిష్యూలు, కార్బన్ టేపు, ఫాయిల్ పౌచ్‌లు 60 డిగ్రీల వాక్యూమ్ ఓవెన్‌లో రాత్రంతా ఉండాలి. ఆంటీచాంబర్‌ని 1 మిల్లీబార్ దాకా లాగి ఆర్గాన్ నింపడం మూడుసార్లు చేస్తే లెక్క ప్రకారం గాలి వంద కోట్లలో ఒక వంతుకి తగ్గుతుంది. కాగితం మీద బాగుంటుంది. ఈ లెక్క గాలికే గాని గోడలకి అంటుకున్న నీటికి వర్తించదు. నీరు మెల్లగా ఊడుతుంది, దానికి సైకిళ్లు కాదు, సమయం కావాలి. టిష్యూ కట్టని పది నిమిషాల్లో మూడు సైకిళ్లు తిప్పి లోపలికి లాగేవాళ్లు తర్వాత రెండు రోజులు తేమ మీటర్ ఎందుకు దిగడం లేదని తల పట్టుకుంటారు. మూతలు బిగించిన ఖాళీ వయల్స్‌ని ఆంటీచాంబర్‌లో పెట్టడం ఇంకో పొరపాటు. లోపలి గాలి బయటికి రాదు, మీరు బాక్స్‌లో మూత తీసినప్పుడు బాక్స్‌లోకే వస్తుంది.

ఆక్సిజన్ మీటర్ గురించి ఒక హెచ్చరిక. జిర్కోనియా సెన్సర్ వేడిగా పని చేస్తుంది. బాక్స్‌లో టోల్యూయీన్, టీహెచ్‌ఎఫ్ లాంటి ద్రావకాల ఆవిర్లు ఉంటే అవి సెన్సర్ మీద ఆక్సిజన్‌తో కలిసి కాలిపోతాయి, మీటర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. సల్ఫైడ్ ఎలక్ట్రోలైట్ల నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్ అయితే ప్యూరిఫయర్‌లో ఆక్సిజన్‌ని పట్టే కాపర్ క్యాటలిస్టునే చంపేస్తుంది. రీజెనరేషన్ (తిరిగి పనికొచ్చేలా శుద్ధి) చేసినా అది తిరిగి లేవదు.

డబ్బాల్లో అందరికీ అందుబాటులో ఉన్నది స్క్రూ మూత గాజు వయల్. మూత లోపల టెఫ్లాన్ పొర ఉన్నదే తీసుకోవాలి. టెఫ్లాన్ ఒత్తిడి కింద మెల్లగా జారుతుంది, ఈ రోజు గట్టిగా బిగించిన మూత రేపటికి వదులవుతుంది. అందుకే బాక్స్‌లో బిగించి, ఒక రోజు ఆగి, మళ్లీ బిగించి అప్పుడే బయటికి తీయాలి. పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుడితే మూత తిరిగిపోకుండా ఆపుతుందే గాని గాలిని ఆపదు. 60 డిగ్రీల దగ్గర అది కరగడం మొదలెడుతుంది, రోహిణి కార్తెలో కారు డిక్కీలో ఆ వేడి దూరంలో ఉండదు. జిప్ కవర్ కూడా అంతే. పాలిథిన్ గుండా ఆక్సిజన్ సులువుగా పోతుంది, ఆ కవర్ పనికొచ్చేది దుమ్ము పడకుండానే.

వయల్‌ని ఫాయిల్ పౌచ్‌లో పెట్టి బాక్స్ లోపలే ఇంపల్స్ సీలర్‌తో (వేడితో అంచులు అతికించే పరికరం) అతికించడం, ఖర్చుకి తగిన ఫలితం ఇచ్చే పద్ధతుల్లో అన్నిటికన్నా మంచిది. పౌచ్ సెల్స్‌కి వాడే అల్యూమినియం లామినేట్ ఇదే. అల్యూమినియం పొర గుండా గాలి పోదు, పోతే అతుకు అంచున ఉన్న ప్లాస్టిక్ గుండానే పోవాలి. కాబట్టి అతుకు వెడల్పుగా, ఒక సెంటీమీటరు ఉండేలా, రెండు వరసలు వేయండి. మూసే ముందు చేత్తో నొక్కి ఆర్గాన్ చాలామటుకు తీసేయాలి, లేకపోతే అవతల ఊళ్లో ఆంటీచాంబర్‌లో వాక్యూమ్ లాగగానే పౌచ్ ఉబ్బి అతుకు తెగుతుంది. దాన్ని బయటి నుంచి మరో పౌచ్‌లో పెట్టి, మధ్యలో తేమని పీల్చే 3ఎ మాలిక్యులర్ సీవ్ గింజలు ఒక చెంచాడు వేసి ఆ పౌచ్ కూడా అతికించండి. సీవ్‌ని ముందుగా వాక్యూమ్ కింద 300 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాలి, సీసాలోంచి తీసి నేరుగా వేస్తే అది తెచ్చే నీరే ఎక్కువ. ఫాయిల్‌ని పదునుగా మడవకూడదు, మడత దగ్గర అల్యూమినియంలో సూది బెజ్జాలు పడతాయి.

కేఎఫ్ ఫ్లాంజ్‌లతో (క్లాంపుతో బిగించే వాక్యూమ్ అంచులు) చేసిన స్టీలు డబ్బా వాడేవాళ్లు ఓ-రింగ్ (సందు మూసే రబ్బరు వలయం) మీద ఒక నిమిషం పెట్టాలి. తీసి, వెలుతురుకి ఎదురుగా పట్టుకుని, వేళ్ల మధ్య చుట్టూ తిప్పి చూడండి. టిష్యూ పోగు ఒకటి, పొడి గింజ ఒకటి, తల వెంట్రుక ఒకటి అడ్డంగా పడితే చాలు, ఫ్లాంజ్ ఎంత బిగించినా అక్కడ సన్నటి సొరంగం మిగులుతుంది. పొడితో పని చేసే బాక్స్‌ల్లో ఇది రోజూ జరిగేదే. ఓ-రింగ్ వైటాన్ రబ్బరుది తీసుకోండి. సిలికోన్ మెత్తగా, చక్కగా కూర్చుంటుంది గాని దాని గుండా వాయువులు, తేమ ధారాళంగా పోతాయి. సిలికోన్ గ్రీజు కూడా వద్దు. అది పాకుతూ శాంపిల్ మీదికి చేరి ఎక్స్‌పీఎస్‌లో 102 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సిలికాన్ పీకుగా తేలుతుంది.

డబ్బా లీకు ఎంతో తెలుసుకోవడానికి హీలియం డిటెక్టర్ లేకపోయినా ఫరవాలేదు. ఖాళీ డబ్బాని వాక్యూమ్ గేజ్‌కి తగిలించి, రాత్రంతా లాగి, వాల్వు మూసి, గంటలో ఒత్తిడి ఎంత పెరిగిందో చూడండి. 100 మిల్లీలీటర్ల డబ్బాలో గంటకి 0.036 మిల్లీబార్ పెరిగితే లీకు సెకనుకి 10⁻⁶ మిల్లీబార్-లీటరు. అదంతా గాలే అనుకుంటే మామూలు ఒత్తిడికి మార్చి గంటకి సుమారు 3.6 మైక్రోలీటర్లు. మూడు గంటల ప్రయాణానికి ఆ డబ్బా పొడి రూపంలోని శాంపిల్‌కి పనికొస్తుంది, లోహపు ఉపరితలానికి పనికిరాదు.

వేడీ, మంచూ

మన జిల్లాల్లో శాంపిల్స్‌ని ఎక్కువగా దెబ్బ తీసేది ఉష్ణోగ్రత తేడా. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర మూసిన 20 మిల్లీలీటర్ల వయల్ ఎండలో నిలిపిన కారులో 50 డిగ్రీలకి చేరితే లోపలి ఒత్తిడి 95 మిల్లీబార్ల మేర పెరుగుతుంది. మూత ఏమాత్రం వదులున్నా కొంత ఆర్గాన్ బయటికి పోతుంది. అవతలి ల్యాబ్‌లో 20 డిగ్రీలకి చల్లారేటప్పుడు లోపల లోటు ఏర్పడి గాలిని పీల్చుకుంటుంది. లెక్క వేస్తే దాదాపు 2 మిల్లీలీటర్లు. పైన ఒక్క మిల్లీలీటరు ఏం చేస్తుందో చూశాం. ఇది ఒకసారి వేడెక్కి చల్లారితేనే, దారిలో టీ తాగడానికి ఆగిన ప్రతిసారీ వయల్ ఇంకో గుటక వేస్తుంది. కాబట్టి వయల్ పౌచ్‌లోనే ఉండాలి, పౌచ్ థర్మోకోల్ పెట్టెలో ఉండాలి, పెట్టె ఏసీ ఉన్న సీట్లో ఉండాలి. ఐసు పెట్టకండి. లోపలి వాయువు ముడుచుకుని ఇదే కథ తిరగబడి జరుగుతుంది, మంచు పట్టే బెడద అదనం.

మంచు గురించి కాస్త వివరంగా చెప్పాలి. పైన చెప్పిన వానాకాలపు గాలికి డ్యూ పాయింట్ 26 డిగ్రీలు. ఏసీ గదిలోంచి 20 డిగ్రీల స్టీలు డబ్బాని వరండాలోకి తెస్తే నిమిషంలోపే ఒళ్లంతా చెమర్చుతుంది. ఆ నీరు పైన తుడిస్తే పోయేదే. ఫ్లాంజ్ సందుల్లోకి, మూత మరల్లోకి, బోల్టు బెజ్జాల్లోకి దిగిన నీరు మాత్రం పోదు. తర్వాత డబ్బాని యంత్రం లోడ్ లాక్‌లో (యంత్రంలోకి శాంపిల్ పంపే వాక్యూమ్ అర) పెట్టినప్పుడు అది గంటల తరబడి ఆవిరవుతూ, సరిగ్గా మూత తెరుచుకునే సమయానికి శాంపిల్ ఎదుటే ఉంటుంది. డబ్బాని ఏసీ గదిలోనే ప్లాస్టిక్ సంచిలో మూసి, ఆ సంచితోనే బయటికి తేవాలి. అవతల మళ్లీ ఏసీ గదిలోకి వెళ్లి రెండూ ఒకే ఉష్ణోగ్రతకి వచ్చాకే సంచి విప్పాలి.

సొంత వాహనంలో తీసుకెళ్లడమే మంచిది. లిథియం లోహానికి యూఎన్ సంఖ్య 1415, ప్రమాద తరగతి 4.3, అంటే నీరు తగిలితే మండే వాయువు వదిలే పదార్థం. కొరియర్‌లో గాని విమానం సామానులో గాని చెప్పకుండా పెట్టకూడదు. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో రైలెక్కి సంచిలో పెట్టుకుపోవడమూ తగదు. విమానంలో అసలు సమస్య ఇంకోటి కూడా ఉంది: లోపలి ఒత్తిడి సుమారు 750 మిల్లీబార్లకి దిగుతుంది, సాధారణ ఒత్తిడిలో మూసిన మూతలన్నిటినీ లోపలి ఆర్గాన్ బయటికి తోస్తుంది.

యంత్రం దగ్గర

ఎక్స్‌ఆర్‌డీకి గుమ్మటం మూత ఉన్న హోల్డరు గాని, కాప్టన్ ప్లాస్టిక్ పొర అతికించిన హోల్డరు గాని వాడతారు. కాప్టన్ గుండా నీటి ఆవిరి బాగానే పోతుంది, అరగంట స్కాన్‌కి ఫరవాలేదు, రాత్రంతా పెట్టే స్కాన్‌కి నమ్మకూడదు. పొడవైన స్కాన్‌కి ముందూ వెనకా పది నిమిషాల స్కాన్ ఒక్కోటి తీసి ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి. రాగి రేడియేషన్‌తో 21.3, 30.6, 31.8 డిగ్రీల కోణాల దగ్గర కొత్తగా ఏమైనా లేస్తే అది లిథియం కార్బనేట్, మధ్యలో చేసిన స్కాన్ పనికిరాదు. సమయం ఎక్కువ కావాలంటే 0.5 మిల్లీమీటర్ల గాజు క్యాపిలరీలో (సన్నటి గొట్టం) నింపి, బాక్స్‌లో మైనంతో మూసి, బయటికి తీసిన వెంటనే మైనానికి కింద గాజుని మంటతో కరిగించి మూయడమే ఖాయమైన పద్ధతి. రామన్‌కి (లేజర్ కాంతితో చేసే కొలత) క్వార్ట్జ్ కువెట్ చాలు, గాజు గుండానే కొలవొచ్చు. సెమ్‌కి (ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్) ఎయిర్ లాక్ షటిల్ (గాలి తగలకుండా శాంపిల్ చేర్చే డబ్బా) ఉంటే వాడండి, లేకపోతే గ్లోవ్ బ్యాగ్ కట్టి చేసే ప్రయత్నంలో చిత్రం అందంగా వచ్చినా ఉపరితలం గురించి ఏమీ తేల్చి చెప్పకూడదు.

ఎక్స్‌పీఎస్‌తో వచ్చే చిన్న బదిలీ డబ్బాల్లో చాలావాటికి మూతని స్ప్రింగు పైకి తోస్తుంటుంది. ఆంటీచాంబర్‌లో కొంత వాక్యూమ్ లాగి మూస్తారు, బయటి గాలి ఒత్తిడే మూతని అదిమి పడుతుంది. లోడ్ లాక్‌లో వాక్యూమ్ ఏర్పడగానే మూత లేస్తుంది. ఏ ఒత్తిడి దగ్గర లేచిందో కెమెరాలోంచి చూసి రాసుకోండి. ఎప్పుడూ లేచేదానికన్నా ముందే, ఎక్కువ ఒత్తిడి దగ్గరే లేచిందంటే దారిలో గాలి లోపలికి పోయిందన్నమాట. ఆ శాంపిల్ మీద సమయం పెట్టకండి.

వాక్యూమ్ సూట్‌కేస్ అవసరం ఎప్పుడో ఈ అంకెలు చెబుతాయి. 10⁻⁹ మిల్లీబార్ దగ్గర, తాకిన అణువల్లా అంటుకుంటే, ఒక పొర పడడానికి సుమారు 22 నిమిషాలు. 10⁻¹⁰ దగ్గర మూడున్నర గంటల పైన. శ్రీకాకుళం నుంచి విశాఖకి రెండు మూడు గంటలు వేసుకుంటే మీకు కావలసింది రెండోది. మిగిలే వాయువులో ఎక్కువ భాగం హైడ్రోజన్ కాబట్టి నిజంలో పరిస్థితి ఇంత కఠినంగా ఉండదు, అయినా లెక్క కఠినంగా వేసుకోవడమే మంచిది. సూట్‌కేస్‌లో గెటర్ పంపుకి (వాయువుల్ని తన లోహంలో పట్టి ఉంచేది) కరెంటు అక్కర్లేదు, ప్రయాణానికి అది వరం. కాని అది ఆర్గాన్‌ని పట్టుకోలేదు, అయాన్ పంపు కూడా ఆర్గాన్‌తో అవస్థ పడుతుంది. గ్లోవ్ బాక్స్ నుంచి వచ్చిన శాంపిల్‌ని ముందు టర్బో పంపు మీద బాగా లాగాకే సూట్‌కేస్‌లోకి మార్చాలి. పొడిని బిళ్లగా నొక్కకుండా ఎప్పుడూ పెట్టకండి. గేట్ వాల్వు సీలు మీద నాలుగు గింజలు పడితే ఆ వాల్వు మళ్లీ సరిగ్గా మూసుకోదు.

తగిలించేటప్పుడు రెండు వాల్వుల మధ్య ఇరుక్కున్న గాలే అసలు ముప్పు. ఆ ఖాళీని టర్బోతో 10⁻⁷ మిల్లీబార్ దాకా లాగి, వీలైతే 120 డిగ్రీలకి వేడి చేసి చల్లార్చి, ముందు యంత్రం వైపు వాల్వు తెరవండి. ఒత్తిడి నిలకడగా ఉందని చూశాక సూట్‌కేస్ వైపుది. వరస తారుమారైతే మధ్యలో ఉన్నదంతా శాంపిల్ మీదికే పోతుంది. బయల్దేరే ముందే అవతలి యంత్రం శాంపిల్ ప్లేటు కొలతలు, ఎత్తు కనుక్కోండి. ప్లేటు కుదరక తిరిగొచ్చిన శాంపిల్స్, లీకుతో పాడైనవాటికన్నా తక్కువేమీ కావు.

కొన్ని పదార్థాలకి వాక్యూమే విషం. గంధకం వాక్యూమ్‌లో ఆవిరైపోతుంది, హైడ్రేట్లు నీరు వదులుతాయి. వాటిని ఆర్గాన్‌లోనే ఉంచాలి, వాక్యూమ్ యంత్రం తప్పదంటే శాంపిల్‌ని చల్లబరిచి కొలవాలి.

ఇంత చేశాక పద్ధతి పని చేసిందని ఎలా తెలుస్తుంది? ప్రతి డబ్బాలో శాంపిల్ పక్కన అప్పుడే కోసిన లిథియం ముక్క ఒకటి వేరే చిన్న గిన్నెలో పెట్టండి. మెరుపు తగ్గని ముక్క మంచి సాక్ష్యం. నల్లబడినా, అంచుల్లో తెల్లటి పొడి పట్టినా శాంపిల్ చూడక్కర్లేదు. అది డబ్బాలో చేరిన మలినంలో కొంత తానే తినేస్తుంది కూడా. ఎక్స్‌పీఎస్‌కి ఈ కంటి పరీక్ష చాలదు, మెరుస్తున్న లిథియం మీద కూడా నానోమీటర్ల ఆక్సైడ్ ఉంటుంది. దానికి ఒకే శాంపిల్‌ని కొలిచి, డబ్బాలో పెట్టి, అసలు ప్రయాణం ఎంతసేపో అంతసేపు బయట తిప్పి, తిరిగి కొలవాలి. కార్బన్ 1ఎస్‌లో (ఎక్స్‌పీఎస్‌లో కార్బన్ పీకులు కనబడే భాగం) 290 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి కార్బనేట్ వాటా రెండుసార్లూ ఎంతుందో పోల్చి ఆ తేడాని మీ ఫలితాలతో పాటు ప్రచురించండి. ఈ ఒక్క అంకె లేకపోతే చదివేవాడు మీ ఉపరితలాన్ని నమ్మడానికి ఆధారం లేదు.

అక్టోబర్ నెలలో ప్రయాణం పెట్టుకునేవాళ్లకి ఇంకో మాట. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఊళ్లకి ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. సర్క్యులేషన్ ఆగిన గ్లోవ్ బాక్స్‌లో తేమ గంటగంటకీ ఎక్కుతూనే ఉంటుంది, బ్యూటైల్ గ్లోవ్‌ల గుండా నీరు ఎప్పుడూ ఆగదు. తుఫాను హెచ్చరిక రాగానే శాంపిల్స్ అన్నిటినీ రెండు పౌచ్‌ల్లో అతికించి, గ్లోవ్‌ల పోర్టులకి లోపలి మూతలు బిగించేయండి.

పౌచ్ మీద పదార్థం పేరు, మూసిన తేదీ, పౌచ్ చినిగితే ఏం చేయాలో తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి అతికించండి. లిథియం అయితే నీళ్లు, కార్బన్ డయాక్సైడ్ సిలిండరు వాడొద్దని, పొడి ఇసుక చల్లమని. సల్ఫైడ్ అయితే కుళ్లిన గుడ్డు వాసన రాగానే గది ఖాళీ చేసి కిటికీలు తెరవమని. హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన 1 పీపీఎం లోపే ముక్కుకి తెలుస్తుంది, ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. కొలత అయ్యాక మిగిలిన శాంపిల్‌ని అక్కడి చెత్తబుట్టలో వేయించకుండా అదే డబ్బాలో మూసి వెనక్కి తెచ్చుకోండి.